వంద మీటర్ల టైమింగ్ సరిగ్గా తీయడం ఎలా?

“మా అమ్మాయి వంద మీటర్లు 12.9లో పరిగెత్తింది. ఆసియా చాంపియన్‌షిప్‌కు ఇంకెంత దూరంలో ఉన్నట్టు?” గుంటూరు, విజయవాడ తల్లిదండ్రుల నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో ముగించి, చాంపియన్‌షిప్ రికార్డుతో వరుసగా రెండోసారి ఆసియా స్వర్ణం గెలిచాక ఈ ప్రశ్న మరీ పెరిగింది. హర్డిల్స్ అంటే అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పందెం కాబట్టి ఆ 12.96ను మామూలు వంద మీటర్ల 12.9తో పోల్చకూడదు. ఆమెది విశాఖపట్నం. మన గుంటూరులో కూడా కొంతకాలం శిక్షణ పొందింది. అందుకే ఇక్కడి ఇళ్లలో ఆ ఆశ అంత దగ్గరగా అనిపిస్తుంది, అనిపించాలి కూడా.

అయితే జవాబు చెప్పే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. వాచీ ఎవరు పట్టుకున్నారు? దూరం దేనితో కొలిచారు? గాలి ఎటు నుంచి వీచింది? చాలామంది దగ్గర ఈ మూడింటికీ జవాబు ఉండదు. అప్పుడు ఆ 12.9 నిజంగా 12.9 కావచ్చు, 13.6 కూడా కావచ్చు. ఆ అంకెను నమ్మి అకాడమీలో చేర్పిస్తారు, అప్పు చేసి స్పైక్స్ (అడుగున మేకులున్న పరుగు బూట్లు) కొంటారు, చదువు మధ్యలో ఆపిస్తారు. మొదటిసారి ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌కు వెళ్లినప్పుడు పిల్ల అరసెకను వెనకబడి కనిపిస్తుంది. నిజానికి ఆమె వెనకబడలేదు, మొదటి అంకే తప్పు. కానీ ఆ రోజు ఏడ్చేది ఆమే.

ఖరీదైన పరికరాలు లేకుండా, నమ్మదగిన టైమింగ్ తీసే పద్ధతి కింద రాస్తున్నాను. ఒక ఉదయం చాలు.

కావలసినవి

- 50 మీటర్ల స్టీలు టేపు. దొరకకపోతే 30 మీటర్లది. గుడ్డ టేపు, ఫైబర్ టేపు వద్దు, లాగితే సాగుతాయి.
- బటన్లున్న స్టాప్‌వాచ్‌లు మూడు. ఫోనులోని స్టాప్‌వాచ్ వాడకండి. అద్దం మీద వేలు తగిలిందో లేదో వేలికి తెలియదు, చూపు ఫోను వైపు పోతుంది.
- చెక్క క్లాపర్. రెండు పలకలను ఒక మడతబందుతో కలిపి వడ్రంగి చేత చేయించుకోవచ్చు. పలకల లోపలివైపు తెల్లరంగు, బయటివైపు నల్లరంగు వేయించండి. ఎందుకో నాలుగో అంచెలో చెబుతాను.
- పురికొస, నాలుగు మేకులు, సున్నం లేదా ముగ్గుపిండి.
- మనిషి ఎత్తు ఉన్న నిటారు కర్రలు రెండు.
- గాలి చూడటానికి చేతిలో పట్టుకునే చిన్న అనిమోమీటర్. లేకపోతే ఒక కర్రకు కట్టిన సన్నని రిబ్బను.
- మనుషులు ఐదుగురు: స్టార్టర్, ముగ్గురు టైమ్‌కీపర్లు, గాలి చూసేవారు.
- ఒక నోట్‌బుక్కు, పెన్ను.

1. మైదానం, వేళ చూసుకోండి

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం కావచ్చు, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం కావచ్చు, మీ ఊరి హైస్కూలు మైదానం కావచ్చు. వరుసగా 130 మీటర్ల తిన్నని చోటు ఉండాలి: పరుగుకు 100, గీత దాటాక ఆగడానికి 25 నుంచి 30. గీత దాటగానే ప్రహరీ గోడ ఎదురయ్యే చోట పిల్లలు చివరి పది మీటర్లలోనే వేగం తగ్గించేస్తారు. చేతులు అడ్డం పెట్టుకుని గోడను ఢీకొట్టిన వాళ్లను చూశాను. మణికట్టు విరగడానికి అది చాలు.

స్కూలు మైదానంలో 200 మీటర్ల గుండ్రని ట్రాక్ మాత్రమే ఉంటే వంద మీటర్లను వంపులో పరిగెత్తించకండి. వంపులో వేగం తగ్గుతుంది, ఆ టైమింగ్‌ను దేనితోనూ పోల్చలేం. దానికి బదులు తిన్నగా 60 మీటర్లు తీయండి. దాని లెక్క తొమ్మిదో అంచెలో ఉంది.

ఎండాకాలంలో ఉదయం ఏడు లోపే పని ముగించాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదికే మైదానం పొయ్యిలా మారుతుంది. పిల్లకు కళ్లు తిరిగినా, చెమట ఆగిపోయినా, వణుకు వచ్చినా ఆ రోజుకు ఆపేయండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి, గాలి తగలనివ్వండి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. దూరం కొలవండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పీఈటీ మాస్టారు వంద అడుగులు వేసి “ఇదిగో వంద మీటర్లు” అంటే ఒప్పుకోవద్దు. ఆయన అడుగు 94 సెంటీమీటర్లయితే మీ పిల్ల పరిగెత్తింది 94 మీటర్లే. మంచి వేగంలో ఉన్న పిల్లలు సెకనుకు సుమారు 9 మీటర్లు వెళ్తారు. అంటే ఒక్క మీటరు తగ్గితే 0.11 సెకను కలిసొచ్చినట్టు. ఆరు మీటర్లు తగ్గితే అరసెకను పైనే.

ముందు పురికొసను ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి మేకులకు కట్టండి. టేపును ఆ తాడు వెంబడే, నేలకు ఆనించి పరవండి. గాలిలో వేలాడితే టేపు మధ్యలో కుంగి దూరం తక్కువవుతుంది. గడ్డి, రాళ్లు ఉంటే ముందే తీసేయండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చూడాలి. టేపులో సున్నా ఎక్కడ మొదలవుతుందో గమనించండి. కొన్ని టేపుల్లో అది కొస కొక్కెం అంచు నుంచి, కొన్నింటిలో రేకు మీద కాస్త ముందుకు గీసిన గీత నుంచి మొదలవుతుంది. 50 మీటర్ల టేపును రెండుసార్లు వేస్తారు కాబట్టి ఈ తప్పు కూడా రెండుసార్లు పడుతుంది.

గీతల వెడల్పు 5 సెంటీమీటర్లు ఉండాలి. కొలత స్టార్ట్ గీత వెనక అంచు నుంచి, అంటే ఫినిష్‌కు దూరంగా ఉండే అంచు నుంచి మొదలవుతుంది. ఫినిష్ గీత ముందు అంచు, అంటే పరుగు వైపు ఉండే అంచు దగ్గర ముగుస్తుంది. పరిగెత్తేవారి చేతులు స్టార్ట్ గీతను తాకకూడదు, దాని వెనకే ఉండాలి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు.

కొలిచాక ఫినిష్ నుంచి స్టార్ట్ వైపు మళ్లీ ఒకసారి కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 5 సెంటీమీటర్లు దాటితే మొదటి నుంచి చేయండి.

సింథటిక్ ట్రాక్ మీద అయితే కొలవక్కర్లేదు. కానీ అక్కడ గీతలు చాలా ఉంటాయి. 110 మీటర్ల హర్డిల్స్ స్టార్ట్ గీత, 100 మీటర్ల గీతకు పది మీటర్లు వెనక ఉంటుంది. కొత్తవాళ్లు పొరపాటున అక్కడ నిలబడి, టైమింగ్ ఎందుకు ఇంత పెరిగిందని బెంగపడతారు. ఏ గీతో అక్కడి కోచ్‌ను అడిగి నిర్ధారించుకోండి. స్పైక్స్ మేకుల పొడవు ఎంత వరకు అనుమతిస్తారో కూడా అప్పుడే అడగండి.

హర్డిల్స్ తీయాలనుకునేవారికి: మహిళల 100 మీటర్లలో హర్డిల్స్ పది, ఎత్తు 83.8 సెంటీమీటర్లు. స్టార్ట్ నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, ఒక్కోదాని మధ్య 8.5, చివరిదాని నుంచి ఫినిష్‌కు 10.5. చిన్న వయసు విభాగాల్లో ఎత్తులు, దూరాలు వేరుగా ఉంటాయి. పెద్దల ఎత్తులో చిన్నపిల్లలను దూకించకండి.

3. వాచీలను ఒకదానితో ఒకటి సరిచూడండి

మూడు వాచీలను ఒకేసారి మొదలుపెట్టి, ఐదు నిమిషాలు వదిలేసి, మళ్లీ ఒకేసారి ఆపండి. ఒక మనిషి రెండు చేతులతో రెండు వాచీలు నొక్కితే తేలిక. తేడా 0.1 సెకను లోపు ఉంటే పరవాలేదు. ఒక వాచీ పదేపదే పక్కకు పోతుంటే బ్యాటరీ మార్చండి. అప్పటికీ కుదరకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

4. స్టార్ట్

ముందుగా పిల్లలు అరగంట వార్మప్ చేయాలి. చల్లని కండరాలతో పూర్తి వేగంలో పరిగెత్తితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. అది మానడానికి వారాలు పడుతుంది.

స్టార్టర్ గీతకు పక్కగా, ఫినిష్‌లో ఉన్న టైమ్‌కీపర్లకు బాగా కనిపించేలా నిలబడాలి. వెనక గోడో చెట్లో ఉంటే క్లాపర్ తెలుపు స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలు కుదురుగా కూర్చున్నాక “సెట్” చెప్పి, కదలిక పూర్తిగా ఆగిన తరువాతే క్లాపర్ కొట్టాలి. “సెట్”కూ క్లాపర్‌కూ మధ్య వ్యవధి ప్రతిసారీ ఒకేలా ఉండకూడదు, లేకపోతే పిల్లలు లెక్కపెట్టుకుని లేస్తారు.

క్లాపర్ పలకలు కలిసిన క్షణంలో లోపలి తెలుపు కనిపించకుండా పోతుంది. టైమ్‌కీపర్ ఆ క్షణంలోనే వాచీ నొక్కాలి, శబ్దం విని కాదు. శబ్దం వంద మీటర్లు ప్రయాణించడానికి సుమారు 0.29 సెకను పడుతుంది. విజిల్ ఊదితే విని వాచీ నొక్కడం మన దగ్గర అలవాటు. ఆ ఒక్క అలవాటుతోనే ప్రతి పిల్లకూ మూడు పదో వంతుల సెకను ఉచితంగా వచ్చేస్తోంది. మీరు ఇన్నాళ్లూ విజిల్‌తోనే టైమింగ్ తీసి ఉంటే ఆ పాత అంకెలన్నీ పక్కన పెట్టేయండి.

క్లాపర్ లేకపోతే స్టార్టర్ ఒక చేత్తో ఎర్రగుడ్డను పైకెత్తి, నోటితో “గో” అంటూ అదే క్షణంలో కిందకు దించవచ్చు. క్లాపర్ అంత కచ్చితం కాదు, విజిల్ కంటే చాలా నయం.

ఎవరైనా ముందు కదిలితే ఆ పరుగు లెక్కలోకి తీసుకోకండి, మళ్లీ మొదలుపెట్టండి. పెద్ద పోటీల్లో శబ్దం తరువాత 0.1 సెకను కూడా గడవకముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్. మొదటి తప్పుకే బయటకు పంపుతారు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల హర్డిల్స్ ఫైనల్లో చైనా అమ్మాయి వూ యాన్నీ ముందు కదిలింది. పక్కనే ఉన్న జ్యోతిని కూడా తప్పించబోయారు. నిరసనల తరువాత ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, పందెం అయ్యాక సమీక్షించి వూ యాన్నీని తొలగించారు. మూడో స్థానంలో ముగించిన జ్యోతికి అలా రజతం దక్కింది. కాబట్టి పక్క లేన్లో ఎవరు కదిలినా తను కదలకుండా ఉండటం మీ పిల్లకు ఇప్పటి నుంచే నేర్పండి.

5. ఫినిష్ దగ్గర టైమ్‌కీపర్లు

ముగ్గురూ ఫినిష్ గీతకు సరిగ్గా ఎదురుగా, ట్రాక్ అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో నిలబడాలి. ఒకరి వెనక ఒకరు మెట్ల మీదో బెంచీల మీదో ఉంటే ఇంకా మంచిది. గీతకు ముందుకో వెనక్కో జరిగి ఏటవాలుగా చూస్తే పిల్ల గీతకు చేరకముందే చేరినట్టు, లేదా చేరాక కూడా చేరనట్టు కనిపిస్తుంది.

నిటారు కర్రలు ఇందుకే. గీతకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పాతండి. రెండు కర్రలూ ఒకే కర్రలా కనిపించే చోట నిలబడితే మీరు గీతకు ఎదురుగా ఉన్నట్టు.

వాచీ ఆపాల్సింది మొండెం గీత ముందు అంచును చేరినప్పుడు. తల, మెడ, చేతులు, కాళ్లు లెక్కలోకి రావు. పిల్లలు చివర్లో చెయ్యి చాపుతారు, మన కన్ను ఆ చేతినే పట్టుకుంటుంది. ఛాతీ వైపే చూడటం టైమ్‌కీపర్ సాధన చేసి నేర్చుకోవాల్సిన పని. పరుగు మొదలైనప్పటి నుంచీ పిల్లను కళ్లతో వెంబడించకండి. చివరి పదిహేను మీటర్లు మిగిలాక చూపును గీత మీద నిలిపి, ఛాతీ అక్కడికి వచ్చేదాకా ఆగండి.

నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటుంది. అమ్మానాన్నలు తమ బిడ్డకు వాచీ పట్టకూడదు. ఇందులో మోసం ఏమీ లేదు. బిడ్డ గెలవాలన్న తపన వేలిని క్షణం ముందే నొక్కిస్తుంది, మీకు తెలియకుండానే. పక్కింటి పిల్లకు మీరు పట్టండి, మీ పిల్లకు వాళ్లు పడతారు.

ముగ్గురూ తమ వాచీలోని అంకెను ఒకరికొకరు చూపించకుండా, పైకి చెప్పకుండా ముందు కాగితం మీద రాయాలి. ఒకరు “12.8!” అని అరిస్తే మిగతా ఇద్దరూ తమ అంకెను అనుమానించడం మొదలుపెడతారు.

6. గాలి

వంద, రెండు వందల మీటర్లు, 100, 110 మీటర్ల హర్డిల్స్, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్‌లలో వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ ఫలితం రికార్డుగా చెల్లదు. ఇది ఎంత కఠినమైన నియమమో జ్యోతి కథే చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 13.09లో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38. దానికంటే చాలా మెరుగైన పరుగు. కానీ గాలి 2.1 ఉంది. పదో వంతు ఎక్కువైందని రికార్డు దక్కలేదు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో, నియమం లోపలి గాలిలో 13.23 పరిగెత్తింది. కోళికోడ్ కంటే నెమ్మదే, అయినా జాతీయ రికార్డు అదే అయింది. 2023 జూలైలో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో మళ్లీ అదే 13.09 అంకెతో స్వర్ణం గెలిచింది.

మన వైపు వేసవి పగటి పూట పడమటి గాలి, సాయంత్రాలు పైరగాలి బలంగా వస్తాయి. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉంటుంది. ఉదయమే పెట్టుకోమనడానికి ఇది రెండో కారణం.

అనిమోమీటర్ ఉంటే ఫినిష్‌కు 50 మీటర్ల దూరంలో, మొదటి లేన్ పక్కన 2 మీటర్ల లోపు, 1.22 మీటర్ల ఎత్తులో పట్టుకోండి. దాని ముఖం పరుగు దిశలోనే ఉండాలి. క్లాపర్ కొట్టిన క్షణం నుంచి 10 సెకన్ల సగటు తీసుకోండి, హర్డిల్స్‌కు 13 సెకన్లు.

అనిమోమీటర్ లేకపోతే మీ ముఖమే కొలమానం. సెకనుకు 2 మీటర్లంటే గంటకు 7.2 కిలోమీటర్లు. ఆ మాత్రం గాలికే ముఖానికి తగిలినట్టు తెలుస్తుంది, ఆకులు గలగలలాడతాయి. కాబట్టి స్టార్ట్ గీత దగ్గర నిలబడ్డప్పుడు మెడ వెనక గాలి స్పష్టంగా తెలుస్తూ, రిబ్బను ఫినిష్ వైపు లేచి ఉంటే ఆ టైమింగ్ పక్కన “గాలి వెనక నుంచి” అని రాసి, పోలికలకు వాడకండి. ఫోనులో వాతావరణం చూపించే గాలి వేగం పనికిరాదు. అది మీ ట్రాక్ మీద, మీ నడుము ఎత్తులో వీచే గాలి లెక్క కాదు.

గాలి ఆగేలా లేకపోతే ఇంకో దారి ఉంది. ఒకసారి ఇటు నుంచి అటు, పావుగంట విశ్రాంతి తరువాత అటు నుంచి ఇటు పరిగెత్తించి సగటు తీయండి. అంతకంటే తక్కువ విశ్రాంతి ఇస్తే రెండో పరుగులో అలసటనే కొలుస్తారు.

7. మూడు అంకెల నుంచి ఒకటి తేల్చండి

వాచీ వందో వంతు వరకు చూపిస్తుంది. చేతి టైమింగ్‌లో అంత కచ్చితత్వం ఉండదు కాబట్టి నియమం ప్రకారం పదో వంతుకు మార్చాలి, అదీ ఎప్పుడూ పైకే. 12.81 ఉంటే 12.9. 12.80 ఉంటేనే 12.8.

ఉదాహరణకు మూడు వాచీల్లో 12.84, 12.91, 12.79 వచ్చాయనుకోండి. అవి 12.9, 13.0, 12.8 అవుతాయి. మూడూ వేరైతే మధ్యది తీసుకోవాలి: 12.9. రెండు ఒకటే అయితే ఆ రెండింటి అంకె. ఒక వాచీ పనిచేయక రెండే మిగిలితే ఎక్కువ ఉన్నది. సగటు తీయకూడదు, అన్నిటికంటే తక్కువది ఎంచుకోకూడదు.

ఇప్పుడు దానికి 0.24 కలపండి: 13.14. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చదగిన అంకె ఇదే. టైమ్‌కీపర్ క్లాపర్ చూశాక నొక్కడానికి కాస్త ఆలస్యమవుతుంది, చివర్లో మాత్రం పిల్ల వస్తున్నట్టు ముందే తెలుస్తుంది కాబట్టి ఆలస్యం ఉండదు. ఆ తేడాయే ఈ 0.24. వంద, రెండు వందల మీటర్లకు ఇంతే. 400 మీటర్లకు 0.14.

చాలామంది తల్లిదండ్రులు ఈ అంచె దగ్గర మొహం చిన్నబుచ్చుకుంటారు. కానీ పెద్ద పోటీల్లో తేడాలు ఎంత సన్నగా ఉంటాయో చూడండి. గుమిలో పురుషుల 200 మీటర్లలో అనిమేష్ కుజూర్ 20.32తో జాతీయ రికార్డు నెలకొల్పి కాంస్యం సాధించాడు. రజతం గెలిచిన సౌదీ అథ్లెట్ టైమింగ్ 20.31. పదో వంతు వరకే లెక్కించే చేతి టైమింగ్‌లో ఆ ఇద్దరికీ ఒకే అంకె వచ్చేది.

8. వాచీలు లేకపోతే ఫోను వీడియో

ఒక్కరే ఉన్నప్పుడు ఇది వాచీ కంటే మెరుగు. ఫోనును స్టాండు మీద, రెండు నిటారు కర్రలూ ఒకటిగా కనిపించేలా ఫినిష్ గీతకు ఎదురుగా బిగించండి. సెకనుకు 60 ఫ్రేముల మామూలు వీడియో పెట్టండి. స్లో మోషన్ వద్దు, శబ్దం లెక్క చెడిపోతుంది. పరుగుకు ముందే రికార్డింగ్ మొదలుపెట్టి కదిలించకుండా వదిలేయండి. స్టార్ట్ దగ్గర క్లాపర్ గట్టిగా కొట్టించండి.

తరువాత వీడియోను ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, క్లాపర్ శబ్దం వినిపించిన క్షణాన్నీ మొండెం కర్రలను చేరిన ఫ్రేమునూ గుర్తించండి. ఆ రెండింటి మధ్య వ్యవధికి శబ్దం ప్రయాణించిన 0.29 కలపండి. అదే టైమింగ్. దీనికి 0.24 కలపక్కర్లేదు, ఇక్కడ మనిషి వేలు లేదు. రెండూ కలిపేసి పిల్ల మీద అన్యాయంగా పావు సెకను మోపేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

9. వచ్చిన టైమింగ్ నిజమేనా?

ఒక్క పరుగును నమ్మకండి. వారం తేడాతో ఇంకో ఉదయం మళ్లీ తీయండి. రెండింటి మధ్య 0.2 లోపు తేడా ఉంటే పద్ధతి సరిగ్గా ఉన్నట్టే. 0.3 దాటితే పిల్ల ఒక్కసారిగా మారిపోయిందని అనుకునే ముందు దూరం, గాలి, వాచీలు మళ్లీ చూడండి. రోజుకు రెండు పూర్తి వేగం పరుగులకు మించి వద్దు.

ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వేరే రోజు ఇదే పద్ధతిలో 60 మీటర్లు తీయండి. ఇక్కడ వీడియో వాడితే శబ్దానికి కలపాల్సింది 0.17. 60 మీటర్ల టైమింగ్ వంద మీటర్ల టైమింగ్‌లో దాదాపు 63 నుంచి 65 శాతం మధ్య ఉండాలి. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో చైనాకు చెందిన సూ బింగ్‌టియాన్ 9.83తో ఆసియా రికార్డు నెలకొల్పినప్పుడు 60 మీటర్లను 6.29లో దాటాడు, అంటే 64 శాతం. 13.14 పరిగెత్తిన అమ్మాయి 60 మీటర్లు సుమారు 8.3 నుంచి 8.5 మధ్య పరిగెత్తాలి. 9.0 వచ్చిందంటే ఆ వంద మీటర్లు వంద మీటర్లు కావు. టేపు తీసుకుని రెండో అంచెకు తిరిగి వెళ్లండి.

మైదానంలో 60 మీటర్లే కుదిరినవాళ్లు కూడా దీన్నే తిరగేసి వాడవచ్చు. 60 మీటర్ల టైమింగ్‌ను 0.64తో భాగిస్తే వంద మీటర్లకు ఒక అంచనా వస్తుంది. అది అంచనా మాత్రమే, ఫారాల్లో రాయడానికి పనికిరాదు.

10. ఇప్పుడు పోల్చండి

ఇక మొదటి ప్రశ్న. మహిళల 100 మీటర్లలో భారత అథ్లెట్ ద్యుతీ చంద్ 2021లో 11.17 పరిగెత్తింది. పురుషుల్లో అనిమేష్ కుజూర్ 2025 జూలైలో గ్రీస్‌లో 10.18. ఆసియా స్థాయిలో పతకానికి పోటీపడాలంటే దాదాపు ఈ ఇరుగుపొరుగులో ఉండాలి. 13.14 పరిగెత్తే అమ్మాయి, 11.17 పరిగెత్తే అథ్లెట్ గీత దాటే సమయానికి పదిహేను మీటర్ల దాకా వెనక ఉంటుంది.

ఆ దూరం చూసి దిగులు పడకండి, పిల్లకు దిగులు పుట్టించకండి. పదమూడేళ్ల పిల్లను పెద్దల ఆసియా చాంపియన్లతో పోల్చడం అసలు సరికాదు. ఆసియాలో అండర్-18, అండర్-20 పోటీలు వేరుగా జరుగుతాయి. అంతకంటే ముందు పోల్చాల్సింది మీ జిల్లా మీట్‌లో ఆమె వయసు విభాగం ఫలితాలతో, ఆ తరువాత రాష్ట్ర మీట్ ఫలితాలతో. మన తూకంలో అన్నిటికంటే బరువైనది ఆరు నెలల కిందటి ఆమె సొంత టైమింగ్. ఒకే పద్ధతిలో తీసిన రెండు అంకెల మధ్య 0.3 తగ్గిందంటే అది నిజమైన ఎదుగుదల.

11. నోట్‌బుక్కు నుంచి మీట్‌కు

ప్రతి పరుగుకూ ఒక వరుస రాయండి: తేదీ, వేళ, మైదానం, మట్టా సింథటికా, బూట్లా స్పైక్సా, గాలి, మూడు వాచీల అంకెలు, తేల్చిన అంకె, 0.24 కలిపిన అంకె. కోచ్ దగ్గరకు వెళ్లినప్పుడు ఈ పేజీ చూపించండి. “12.9” అని నోటితో చెప్పిన దానికంటే ఆ పేజీకి విలువ ఎక్కువ ఇస్తారు.

కానీ ఇంట్లో తీసిన టైమింగ్‌తో ఏ ఎంపికా జరగదు, ఎంత జాగ్రత్తగా తీసినా. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 పరిగెత్తింది, అప్పటి జాతీయ రికార్డు కంటే ఎంతో మెరుగ్గా. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. ఆ 13.03 రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. అంత పెద్ద పోటీకే ఈ పట్టింపు ఉంటే మన మైదానం సంగతి వేరే చెప్పాలా?

కాబట్టి టైమింగ్ నిలకడగా వస్తోందని తేలగానే జిల్లా అథ్లెటిక్స్ సంఘం నిర్వహించే మీట్‌లో పేరు ఇవ్వండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ రెండింటిలో తేదీ ఒకటే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది, వయసు విభాగం అక్కడే తేలుతుంది. జిల్లా నుంచి రాష్ట్రం, రాష్ట్రం నుంచి జాతీయ పోటీలు. 2025లో గుమికి వెళ్లే జట్టుకు ఎంపిక ఏప్రిల్‌లో కొచ్చిలో జరిగిన ఫెడరేషన్ కప్‌లో జరిగింది. ఆసియా చాంపియన్‌షిప్ మామూలుగా రెండేళ్లకోసారి వస్తుంది.

మొదటి మీట్‌కు వెళ్లినప్పుడు ఫలితాల కాగితం అడిగి తీసుకోండి. అందులో టైమింగ్ 13.2 అని పదో వంతు వరకే ఉంటే అది చేతి వాచీది, 0.24 కలిపి చూడండి. 13.17 అని వందో వంతు వరకు ఉంటే ఎలక్ట్రానిక్ టైమింగ్ వాడారా అని నిర్వాహకులను అడగండి; కొన్నిచోట్ల చేతి వాచీ అంకెనే వందో వంతు వరకు రాసేస్తారు. పక్కన గాలి రాసి ఉందో లేదో చూసి, మీ నోట్‌బుక్కులో తరువాతి వరుసలో ఎర్ర సిరాతో ఎక్కించండి. ఇక మీదట పోలికలన్నీ ఆ ఎర్ర అంకెతోనే.